పెంకు మీద రాసి ఉన్న చిరునామా

మే నెలలో బీడు భూముల్లో నడిచేవాళ్ళకు తీతువు పిట్ట గోల కొత్తేమీ కాదు. మనిషి ఇంకా అల్లంత దూరాన ఉండగానే లేచిపోయి, నెత్తిన చక్కర్లు కొడుతూ గొంతు చించుకుని అరుస్తుంది. రాత్రిపూట దాని కూత వినబడితే కీడు తప్పదని పల్లెల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటుంటారు. పిట్ట బాధ వేరు. వేసవిలో అది అలా అరుస్తున్నదంటే, చాలాసార్లు, ఆ చుట్టుపక్కల నేల మీద దాని గుడ్లున్నాయని అర్థం.

వెతకబోతే దొరకవు. ఒకవేళ కంటబడ్డా, చూపు పక్కకు తిప్పి మళ్ళీ చూసేసరికి మాయమవుతాయి. గూడు అనడానికి అక్కడ పుల్లా పుడకా ఏమీ ఉండదు. లోతులేని చిన్న గుంట, దాని చుట్టూ నాలుగు గులకరాళ్ళు, కాసిని మేక పెంటికలు. మధ్యలో మూడో నాలుగో గుడ్లు, సన్నని కొసలు లోపలికి, లావు వైపులు బయటికి. అలా సర్దితే నాలుగూ ఒక్కచోట ఒదిగి, తల్లి పొట్ట కింద సరిగ్గా ఇముడుతాయి. పెంకు రంగు ఎండిన రేగడి మట్టి రంగు. దాని మీద సైజూ వరసా లేకుండా నల్లటి మచ్చలు. ఈ గుడ్లు ఇరవై ఎనిమిది నుంచి ముప్ఫై రోజుల దాకా ఆ నేల మీదే ఉండాలి. కాకి, ముంగిస, పాము, ఊరకుక్క, మేకల గిట్టలు, ట్రాక్టరు చక్రం అన్నిటినీ తప్పించుకోవాలి. పంచతంత్రంలో సముద్రం తమ గుడ్లు ఎత్తుకుపోయిందని తగవుకు దిగిన టిట్టిభ దంపతులు ఈ జాతివే. అక్కడ గరుత్మంతుడి దాకా వెళ్ళి గుడ్లు వెనక్కి తెచ్చుకున్నాయి గానీ, బీట్లో కాపురం పెట్టిన తీతువుకు అంత పలుకుబడి లేదు. దానికి ఉన్న రక్షణంతా ఆ పెంకులోనే ఉండాలి.

మనకు గుడ్డంటే ఫ్రిజ్ తలుపులో వరసగా కూర్చునే వస్తువు. ఫారంలో పెట్టిన గుడ్డుకు పొదిగే తల్లీ లేదు, వెతుక్కుంటూ వచ్చే శత్రువూ లేదు. అడవిలో గుడ్డు అలా కాదు. అది కొన్ని వారాలపాటు ఉన్నచోట నుంచి కదలకుండా బతకాలి. తల్లి బరువు మోసేంత గట్టిగా ఉండాలి, కానీ రోజు నిండిన పసికూన ముక్కుతో పొడిస్తే విరగాలి. గాలి లోపలికి పోవాలి, సూక్ష్మజీవులు మాత్రం పోకూడదు. వెచ్చగా ఉండాలి, ఉడకకూడదు. తల్లికి కనిపించాలి, కాకికి కనిపించకూడదు. ఈ కోరికల్లో ఏ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. అందుకే అన్నిచోట్లా పనికొచ్చే శ్రేష్ఠమైన గుడ్డు అంటూ లోకంలో లేదు. పెట్టిన చోటును బట్టి ఒక్కో జాతి ఒక్కో రకమైన బేరం కుదుర్చుకుంది. ఆ బేరం ఏమిటో తెలిస్తే, గుడ్డును చూసి గూడు ఎలాంటి చోట ఉందో చాలావరకు చెప్పేయవచ్చు.

ముందు ఊపిరి సంగతి చూద్దాం. పెంకు బండలా కనిపిస్తుంది గానీ నిండా చిల్లులే. మామూలు కోడిగుడ్డు పెంకుకు సుమారు పది వేల సన్నటి రంధ్రాలుంటాయి. కొత్త మట్టికుండ చెమర్చినట్టే గుడ్డు కూడా ఈ రంధ్రాల గుండా లోపలి తడిని కొద్దికొద్దిగా బయటికి వదులుతుంది. హెర్మన్ రాన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1970లలో దీన్ని లెక్కగట్టారు. 60 గ్రాముల కోడిగుడ్డు పొదిగే 21 రోజుల్లో దాదాపు 6 లీటర్ల ఆక్సిజన్ లోపలికి తీసుకుని, నాలుగున్నర లీటర్ల కార్బన్ డయాక్సైడ్‌ను, 11 లీటర్ల నీటి ఆవిరిని బయటికి పంపుతుంది. లోపల ఊపిరితిత్తులు ఆడవు, గుండె తప్ప కదిలే యంత్రమేదీ లేదు. గాలి తనంతట తాను రంధ్రాల్లోంచి ఇటూ అటూ మారుతుంది, అంతే.

పోయిన నీటి స్థానంలో గుడ్డు లావు వైపున గాలి చేరి చిన్న గది ఏర్పడుతుంది. పొదగేసిన గుడ్డును వెలుగుకు అడ్డంగా పట్టి చూసేవాళ్ళకు ఈ గది రోజురోజుకీ పెరగడం తెలుస్తుంది. పెంకు పగలగొట్టడానికి ముందు పిల్ల ముక్కును ఆ గదిలోకి దూర్చి మొదటి శ్వాస తీసుకుంటుంది. కాబట్టి నీరు పోవడం నష్టం కాదు, అవసరం. చాలా జాతుల్లో పొదిగే కాలం ముగిసేసరికి గుడ్డు బరువులో సుమారు 15 శాతం ఇలా నీటి రూపంలో పోతుంది. తక్కువ పోతే గాలి గది చాలక పిల్ల లోపలే ఉక్కిరిబిక్కిరై చస్తుంది, ఎక్కువ పోతే ఎండిపోతుంది.

చోటు ప్రభావం ఇక్కడే మొదలవుతుంది. చెరువుల్లో మునుగుతూ తేలుతూ ఉండే బుడుబుంగ నీటి మీద తేలే నాచుకుప్ప మీద గుడ్లు పెడుతుంది. అక్కడ గాలి ఎప్పుడూ తేమగానే ఉంటుంది, కాబట్టి నీరు పోవడమే కష్టం. దక్షిణ అమెరికాలోని అటకామా ఎడారిలో గూడు పెట్టే బూడిదరంగు గల్ పక్షికి సమస్య తలకిందులు: అక్కడి పొడి గాలి గుడ్డును పీల్చేస్తుంది, అందుకని దాని పెంకు నీటిని చాలా పిసినారిగా వదులుతుంది. రెండు చోట్లా చివరికి పోవలసిన నీటి పాలు దాదాపు ఒకటే. ఆ లెక్క సరిపెట్టేది రంధ్రాలే.

గాలి దూరే దారిలో బాక్టీరియా కూడా దూరగలదు. అందుకని పెంకు పైన సన్నటి పూత, పెంకు లోపల రెండు పొరలు, వాటి వెనక తెల్లసొన కాపలా ఉంటాయి. తెల్లసొనను మనం మాంసకృత్తుల కోసం తింటాం. పిల్లకు అది ఆహారమూ, కోటగోడా కూడా. అందులోని లైసోజైమ్ బాక్టీరియా గోడల్ని కరిగిస్తుంది. పెన్సిలిన్ కనిపెట్టడానికి కొన్నేళ్ళ ముందే, 1922లో, అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పేరు పెట్టింది దీనికే. ఇంకో ప్రోటీను ఇనుమును పట్టేసుకుని సూక్ష్మజీవులకు అందకుండా చేస్తుంది.

పొదగడం అంటే వెచ్చబెట్టడం అని మన మనసులో పడిపోయింది. చలి దేశాల్లో అది నిజం. మన ఎండల్లో సగం పని చల్లబరచడమే. పిండానికి 37, 38 డిగ్రీల దగ్గర హాయి. చల్లబడితే ఎదుగుదల ఆగుతుంది, మళ్ళీ వెచ్చబడితే చాలాసార్లు సాగుతుంది. 40 దాటి కొంతసేపు ఉంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. పిండం చలినైనా ఓర్చుకుంటుంది గానీ వేడిని ఓర్చుకోదు. మే నెల మధ్యాహ్నం మన బీడు నేల మీద చెప్పుల్లేకుండా నిలబడగలమేమో ఆలోచించుకుంటే తీతువు కష్టం అర్థమవుతుంది. అది గుడ్ల మీద కూర్చోదు, వాటికి నీడపట్టేలా నిలబడుతుంది. దగ్గర్లో నీళ్ళుంటే వెళ్ళి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. మగదీ ఆడదీ వంతులేసుకుంటాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎండలో పెట్టే గుడ్డు తెల్లగా ఉంటే వేడి తక్కువ పీల్చుకుంటుంది కదా, మరి తీతువు గుడ్డు అంత ముదురు రంగులో ఎందుకుంది? తెల్లగా ఉంటే ఎండ నుంచి తప్పించుకున్నా కాకి నుంచి తప్పించుకోలేదు. అయినా ఆ రంగుకు అనుకున్నంత శిక్ష పడటం లేదని 1978లో తేలింది. ఎండలో వచ్చే శక్తిలో సుమారు సగం మన కంటికి కనిపించని పరారుణ కిరణాలది. గుడ్డు పెంకు రంగు ఆ కిరణాలను చాలావరకు వెనక్కి కొడుతుంది. కంటికి ముదురుగా కనబడే గుడ్డు, వేడి లెక్కలో మాత్రం అంత ముదురు కాదన్నమాట. కాకిని మోసం చేసే రంగు సూర్యుడి దగ్గర లేతరంగుగా చలామణీ అవుతుంది. గుడ్ల గురించి చదివినవాటిలో నాకు బాగా నచ్చిన సంగతి ఇది.

ఆ రంగులు చేసే సామగ్రి ఎంత కొంచెమో తెలిస్తే ఇంకా ఆశ్చర్యం. లోకంలోని గుడ్లన్నిటికీ కలిపి ముఖ్యమైన వర్ణకాలు రెండే. ఒకటి గోధుమ, ఎరుపు ఛాయలిచ్చే ప్రోటోపోర్ఫిరిన్. రెండోది నీలం, ఆకుపచ్చ ఛాయలిచ్చే బిలివెర్డిన్. రెండూ రక్తానికి చుట్టాలే. రక్తంలో ఎర్రదనానికి కారణమైన హీమ్ తయారయ్యే దారిలో మొదటిది వస్తుంది, హీమ్ విరిగేటప్పుడు రెండోది వస్తుంది. దెబ్బ తగిలి కమిలిన చోట నాలుగు రోజులకు కనిపించే పచ్చదనం ఈ బిలివెర్డిన్‌దే. ఈ రెండింటినే హెచ్చుతగ్గులుగా కలిపి, కొన్నిచోట్ల మచ్చలుగా, కొన్నిచోట్ల గీతలుగా వేసి, ఇన్ని వేల జాతుల గుడ్లకు రంగులద్దింది ప్రకృతి. పైగా ఈ విద్య పక్షులు కొత్తగా నేర్చుకున్నది కూడా కాదు. కొన్ని డైనోసార్ల శిలాజ గుడ్లలో ఇవే వర్ణకాల ఆనవాళ్ళు దొరికినట్టు 2018లో ప్రకటించారు.

రంగు చూసి చిరునామా చెప్పడం ఇక్కడ తేలిక. స్వచ్ఛమైన తెల్ల గుడ్డు దొరికిందంటే అది చెట్టు తొర్రలోదో, గట్టు బొరియలోదో అని ముందుగా అనుమానించవచ్చు. రామచిలుక, గుడ్లగూబ, వడ్రంగి పిట్ట, ఏటిగట్టున సొరంగం తవ్వే లకుముకి, పసిరిక పిట్ట అన్నీ తెల్ల గుడ్లే పెడతాయి. చీకట్లో రంగు ఎవరు చూడొచ్చారు? పైగా తెలుపైతే చీకట్లో తల్లి కాలు వేయకుండా గమనించుకోవచ్చు. ఈత చెట్టుకు, తుమ్మ కొమ్మకు వేలాడే గిజిగాడి గూడు తొర్ర కాకపోయినా అన్నివైపులా మూసినదే. దాని గుడ్లూ తెలుపే.

కానీ ఈ నియమాన్ని గుడ్డిగా నమ్ముకోకూడదు. గోరింక తొర్రల్లో, గోడ కంతల్లో గూడు పెట్టి కూడా నీలి గుడ్లు పెడుతుంది. దీనికి రకరకాల వాదనలు నడుస్తున్నాయి గానీ ఏ ఒక్కటీ అన్ని పక్షులకూ అతకదు. గువ్వలూ పావురాలూ నాలుగు పుల్లలేసిన బోడి గూట్లో అందరికీ కనబడేలా తెల్ల గుడ్లు పెడతాయి. అయితే అవి గుడ్లను ఒంటరిగా వదలడం అరుదు: ఆడ, మగ షిఫ్టులేసుకుని కూర్చుంటాయి. తల్లి ఒళ్ళే తెర. నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రంలో నీళ్ళ మధ్య చెట్ల మీద వందల గూళ్ళు కట్టే గూడబాతులవీ సున్నం పూసినట్టుండే తెల్ల గుడ్లే. అంత పెద్ద పక్షి, అంత పెద్ద గుంపు, కింద నీళ్ళు. దాచుకోవలసిన అవసరం అక్కడ తక్కువ.

అంటే పెంకు ఒక్కదాన్నీ చూస్తే సరిపోదు, తల్లిదండ్రుల నడవడి కూడా కలిపి చూడాలి. దీన్ని జాంబియా దేశంలో నేల మీద గుడ్లు పెట్టే పక్షుల మీద చేసి 2016లో ప్రచురించిన ఒక పరిశోధన చక్కగా చూపించింది. మనుషుల్ని, జంతువుల్ని చూడగానే లేచిపోయే తీతువు చుట్టాల విషయంలో, గుడ్ల రంగు నేలతో ఎంత బాగా కలిస్తే గూడు అంత బాగా బతికింది. కాలు తగిలేదాకా కదలకుండా గుడ్ల మీదే అంటుకుపోయే నైట్‌జార్ అనే పిట్ట విషయంలో గుడ్ల రంగుతో పనిలేదు. దాని వీపు ఈకలు ఎండుటాకులతో ఎంత కలిశాయన్నదే లెక్క. తీతువు మనల్ని చూసి అంత ముందుగా ఎందుకు లేచిపోతుందో ఇప్పుడు తెలుస్తుంది. అది పిరికితనం కాదు. దాని గుడ్డుకు దాక్కోవడం వచ్చు, దానికి రాదు. తెలుపూ నలుపూ చారలతో, కళ్ళ ముందు ఎర్రటి చర్మంతో ఉన్న ఆ పిట్ట కూర్చుని ఉంటేనే గూడు బయటపడుతుంది.

జపాన్ పూరేడు పిట్టలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. ఒక్కో ఆడపిట్ట గుడ్డు మచ్చలు ఒక్కో తీరుగా ఉంటాయి. రకరకాల రంగుల నేలలు పరిచి వదిలితే, ప్రతి పిట్టా తన గుడ్డు ఎక్కడ బాగా కలిసిపోతుందో అక్కడే పెట్టిందని 2013లో ప్రచురించిన ప్రయోగం చెప్పింది. తన గుడ్డు ఎలా ఉంటుందో దానికి తెలుసు!

దాక్కోవడానికి కాకుండా దొంగను పట్టుకోవడానికి కూడా రంగు పనికొస్తుంది. దొంగకూ అదే రంగు పనికొస్తుంది. కాకి గూట్లో కోకిల గుడ్డు సంగతి పసిపిల్లలకు కూడా తెలిసిన కథే. కాకి గుడ్డు లేత నీలి ఆకుపచ్చ మీద గోధుమ చుక్కలతో ఉంటుంది, కోకిల గుడ్డు దానికంటే చిన్నదైనా దాదాపు అదే వరసలో ఉంటుంది. అసలు నేర్పు రంగులో కంటే కాలంలో ఉంది. కోకిల గుడ్డు పన్నెండు నుంచి పద్నాలుగు రోజుల్లో పిల్ల అవుతుంది, కాకి గుడ్డుకు పదహారు నుంచి ఇరవై రోజులు పడుతుంది. ముందు పుట్టిన నోటికి ముందు మేత. యూరప్ కోకిల అయితే గుడ్డును తన కడుపులోనే ఇంకో రోజు అదనంగా ఉంచుకుని, పిండం కొంత ఎదిగాక పెడుతుందని తేలింది. అంటే పరాయి గూట్లో పడేసరికే దానికి ఒక రోజు పొదుగు పూర్తయినట్టు. ఒక మాట మాత్రం సరిదిద్దుకోవాలి. కోకిల పిల్ల కాకి పిల్లల్ని గూట్లోంచి తోసేస్తుందని చాలామంది నమ్ముతారు. ఆ పని చేసేది యూరప్ కోకిల పిల్ల. మన కోకిల పిల్ల మామూలుగా కాకి పిల్లల పక్కనే పెరుగుతుంది, మేతలో ఎక్కువ వాటా కాజేస్తుందంతే.

తొలకరికి వచ్చే చాతకం కథ ఇంకా మొరటుగా ఉంటుంది. అది గుంపులుగా తిరిగే మట్టిరంగు బాబ్లర్ పిట్టల గూళ్ళను ఎంచుకుంటుంది. బాబ్లర్ గుడ్లు నిగనిగలాడే నీలం. చాతకం గుడ్డూ నిగనిగలాడే నీలమే. తేడా మందంలో. తరిమేలోగా పని కానిచ్చేయాలి కాబట్టి చాతకం గూడు అంచు మీద నిలబడి గుడ్డును పైనుంచి జారవిడుస్తుంది. దాని పెంకు మందం, అది చిట్లదు. కింద ఉన్న ఇంటివాళ్ళ గుడ్డు చిట్లినా చిట్లవచ్చు.

ఇక ఆకారం. దీని మీద పుస్తకాల్లో ఒక ముచ్చటైన కథ చాలా కాలం చలామణీ అయింది. ఉత్తర అట్లాంటిక్ తీరాల కొండచరియల మీద గిలిమాట్ అనే సముద్రపక్షి ఉంటుంది. అది గూడే కట్టదు. నిటారు కొండకు ఉన్న సన్నటి రాతి అంచు మీద, చదరపు మీటరుకు ఇరవై దాకా పక్షులు భుజం భుజం రాసుకుంటూ నిలబడి, ఒక్కొక్కటీ ఒక్కటే గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు ఒకవైపు బాగా లావు, ఇంకోవైపు బాగా కోసు. దొర్లితే నేరుగా పోకుండా తన చుట్టూ తానే గుండ్రంగా తిరుగుతుందనీ, అందుకే సముద్రంలో పడదనీ కథ. వినడానికి ఎంత బాగుందో! వేల్స్ దగ్గరి స్కోమర్ దీవిలో 1972 నుంచి ఈ పక్షుల్ని చూస్తున్న టిమ్ బర్క్‌హెడ్ దీన్ని ఒప్పుకోలేదు. సొన తీసేసిన ఖాళీ పెంకులు అలా తిరుగుతాయి గానీ, నిండు గుడ్డు తిరిగే వలయం ఆ సన్నటి అంచుకు చాలనంత పెద్దది. ఆయన బృందం తేల్చిందేమిటంటే, కోసు గుడ్డుకు ఒక పక్క పొడవుగా, బల్లపరుపుగా ఉండటం వల్ల ఏటవాలు రాయి మీద అది అసలు దొర్లడమే మొదలుపెట్టదు. పైగా అంతమంది కాపురం చేసేచోట రెట్టల బురద తప్పదు. ఆ ఆకారంలో పిల్ల ఊపిరి తీసే లావు వైపు బురదకు అంటకుండా పైకి ఉంటుంది. అదే అంచు మీద గుడ్ల రంగులు తెలుపు నుంచి ముదురు ఆకుపచ్చ దాకా, గీతల నుంచి మచ్చల దాకా ఒక్కోటీ ఒక్కోలా ఉంటాయి. ఇక్కడ రంగు శత్రువు కోసం కాదు, పక్కింటి గుడ్డుతో కలగాపులగం కాకుండా ఎవరి గుడ్డు వాళ్ళు పోల్చుకోవడానికి.

మేరీ కాస్వెల్ స్టోడార్డ్ బృందం 2017లో దాదాపు 1,400 జాతులకు చెందిన 49 వేల పైచిలుకు గుడ్ల కొలతలు తీసి, ఎగరడంలో దిట్టలైన పక్షుల గుడ్లు ఎక్కువ పొడవుగానో కోసుగానో ఉంటాయని చెప్పింది. ఎగిరే ఒంటికి సన్నటి కటిభాగం కావాలి, గుడ్డు అందులోంచి రావాలి కాబట్టి కావచ్చు. ఇది సగటు మీద నిలిచే మాట. ఒక్కో పక్షి దగ్గరికి వచ్చేసరికి రాతి అంచు, బురద, పొట్ట కింద ఎన్ని పట్టాలి అనే లెక్కలే ముందుకొస్తాయని నాకనిపిస్తుంది.

గుడ్డు లోపల ఎంత మూట కట్టి పంపాలన్నది ఇంకో బేరం. పిచ్చుక, కాకి, కోకిల పిల్లలు కళ్ళు తెరవకుండా, ఈకల్లేకుండా పుడతాయి. మేత గూటికే వస్తుంది కాబట్టి పచ్చసొన తక్కువైనా నడుస్తుంది. తీతువు, పూరేడు, నెమలి పిల్లలు తడి ఆరగానే నడుస్తాయి. ఆ ఎదుగుదలంతా లోపలే జరగాలి కాబట్టి పచ్చసొన పాలు ఎక్కువ, పొదిగే రోజులూ ఎక్కువ. దీనికి కొస మెట్టు మన దేశంలోనే, నికోబార్ దీవుల్లో ఉంది. అక్కడి మెగాపోడ్ అనే కోడి జాతి పక్షి గుడ్లను పొదగదు. తీరం వెంట ఇసుక, పగడపు ముక్కలు, ఆకులు పోగేసి పెద్ద దిబ్బ కట్టి అందులో పూడ్చేస్తుంది. కుళ్ళే ఆకుల వేడి, ఎండ వేడి కలిసి రెండు నెలలకు పైగా పొదుగుతాయి. పైన ఎవరూ కూర్చోరు కాబట్టి పెంకు మందంగా ఉండక్కర్లేదు, పలచగానే ఉంటుంది. పిల్ల ముక్కుతో కాక కాళ్ళతో తన్ని పెంకు బద్దలుకొట్టి, ఇసుక తవ్వుకుంటూ పైకొచ్చి, తల్లి ముఖం చూడకుండానే అడవిలోకి వెళ్ళిపోతుంది. 2004 సునామీ ఆ తీరపు దిబ్బలను చాలావాటిని ఊడ్చేసింది. అంత నేర్పుగా ఎంచుకున్న చోటు ఒక్క పూటలో ఎలా ముప్పవుతుందో అక్కడ కనిపించింది.

తక్కిన పిల్లలకు పెంకు పగలగొట్టడం తేలికేమీ కాదు. ముక్కు కొసన అప్పటికప్పుడు మొలిచే చిన్న గట్టి బొడిపె ఉంటుంది, పుట్టాక రాలిపోతుంది. పెంకు కూడా సహకరిస్తుంది: లోపలి పిండం ఎముకల కోసం పెంకు లోపలి పొరల నుంచే సున్నం లాక్కుంటుంది. పెరిగేకొద్దీ పిల్ల గట్టిపడుతుంది, గోడ బలహీనపడుతుంది. బయటినుంచి పడే బరువును వంపు మోస్తుంది, లోపలినుంచి పడే పోటుకు మాత్రం లొంగుతుంది.

నేల మీద గూడున్నవాళ్ళకు ఇంకో అక్కర ఉంది. అందరూ ఒకేసారి పుట్టాలి, లేకపోతే ముందు పుట్టినవాళ్ళతో తల్లి వెళ్ళిపోతుంది. పూరేడు పిల్లలు పెంకుల్లో ఉండగానే టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తాయని, పక్క గుడ్లు ఆ చప్పుడు విని వేగం పెంచుకోవడమో తగ్గించుకోవడమో చేస్తాయని మార్గరెట్ విన్స్ 1960లలో చూపించింది. వేరువేరు రోజుల్లో పెట్టిన గుడ్లు అలా కొన్ని గంటల తేడాలో పిల్లలవుతాయి.

పిల్ల బయటికొచ్చాక ఖాళీ పెంకు ఎందుకూ పనికిరాదు, పైపెచ్చు అపాయం. బయట మచ్చలున్నా లోపల తెల్లగా మెరుస్తుంది. నికో టిన్‌బెర్గెన్ ఇంగ్లండు తీరంలో నల్లతల గల్ పక్షుల మధ్య చేసిన పరిశీలనను 1962లో ప్రచురించాడు. గూటి పక్కన పగిలిన పెంకు ఎంత దగ్గరగా ఉంటే కాకులు మిగతా గుడ్లను అంత ఎక్కువగా పట్టేసుకున్నాయి. అందుకే తల్లి పక్షి పెంకులను ముక్కున కరుచుకుని దూరంగా పడేస్తుంది. పుట్టగానే మాత్రం కాదు, కాస్త ఆగి. తడి ఆరని పిల్లను ఒంటరిగా వదిలితే పక్క గూటి గల్ మింగేస్తుంది. పిల్ల ఆరి, నూగు పొంగి, మింగడానికి అంత తేలిక కాని స్థితికి వచ్చేదాకా ఆగి అప్పుడు వెళుతుంది. పెంకు వల్ల ఒక అపాయం, పొరుగు వల్ల ఇంకోటి. రెండింటి మధ్య ఆ కాసేపు ఆగడమే సర్దుబాటు.

ఇలాంటి సర్దుబాట్లు లక్షల ఏళ్ళలో కుదిరినవి. కొత్తగా వచ్చిపడిన ముప్పు వాటికి తెలియదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పొలాల మీద డీడీటీ అనే పురుగుమందు విరివిగా చల్లారు. బ్రిటన్‌లో డేగల గూళ్ళలో గుడ్లు తల్లి కిందే చితికిపోతున్నాయని గమనించిన డెరెక్ రాట్‌క్లిఫ్, గుడ్లు సేకరించే సరదారాయుళ్ళ పాత పెట్టెల్లో ఉన్న పెంకులను తూచి, కొలిచి చూశాడు. 1940ల చివరి నుంచి పెంకులు ఒక్కసారిగా పలచబడ్డాయి. 1967లో ఆ సంగతి ప్రకటించాడు. డీడీటీ ఒంట్లో విరిగి డీడీఈ అవుతుంది, అది పెంకు కట్టే గ్రంథికి సున్నం సరిగా అందనివ్వదు. గూడబాతులు గుడ్లను పాదాల కింద పెట్టుకుని పొదుగుతాయి, కాబట్టి వాటికి దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. 1970లో కాలిఫోర్నియా దగ్గరి అనకాపా దీవిలో 552 గూళ్ళకు గాను ఒక్కటంటే ఒక్క గూడబాతు పిల్ల బయటపడింది. 1972లో అమెరికా డీడీటీని నిషేధించాక అక్కడ గుడ్లు మెల్లగా మళ్ళీ గట్టిపడ్డాయి.

మన దేశంలో అదే 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లను పాడుచేయడాన్ని, గూళ్ళను కదిలించడాన్ని కూడా వేట కిందే లెక్కగట్టింది. మనిషి చెయ్యి తగిలితే వాసన పట్టి తల్లి పొదగదని ఊళ్ళల్లో అంటారు. వాసన సంగతి అంత నిజం కాదు. మాటిమాటికీ గూటి దగ్గరికి వెళితే మాత్రం తల్లి బెదిరి ఎండలో గుడ్లను వదిలేస్తుంది, మనం ఎక్కడ ఆగుతున్నామో చూస్తున్న కాకికి పని తేలికవుతుంది. సెల్‌ఫోన్‌తో దగ్గరికెళ్ళి ఫోటో తీసేవాళ్ళు ఇది గుర్తుంచుకుంటే చాలు.

గుడ్ల సేకరణ ఇప్పుడు నేరమే గానీ, పాత పెట్టెలు రాట్‌క్లిఫ్‌కు పనికొచ్చినట్టే మనకూ ఒకసారి పనికొచ్చాయి. కడప జిల్లా లంకమల అడవుల్లో రాత్రిపూట తిరిగే కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్నాక 1986లో మళ్ళీ దొరికింది. దాని గూడు మాత్రం దొరకలేదు. స్కాట్లండ్‌లో అబర్‌దీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక పాత సేకరణలో 1917లో కోలారు బంగారు గనుల దగ్గర దొరికిన ఒక గుడ్డు ఉంది. దాని మీద కలివికోడి పేరే రాసి ఉంది గానీ నమ్మేదెలా? పెంకు లోపలి పొర నుంచి తీసిన డీఎన్ఏను, లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వారి దగ్గరున్న పాత కలివికోడి చర్మంలోని కాలివేలి ముక్కతో పోల్చి చూశారు. రెండూ ఒకే జాతివని 2013లో తేలింది.